చిన్న కంప్యూటరు సంస్థల భవిష్యత్తు

2025 నవంబరు మాసమున శ్రీ సత్యసాయిబాబా శతజయంతి మహోత్సవములు జరిగిన దినములలో పుట్టపర్తి పట్టణమునందు తల దాచుకొనుటకు చోటు దొరకుట దుర్లభమైనది. దేశదేశములనుండి జనము వచ్చిరి, ప్రధానమంత్రి వచ్చెను, రాష్ట్రపతి వచ్చెను. సత్రములకును, ఫలహారశాలలకును, ఆటోబండ్లకును, పూలయంగళ్ళకును చేతినిండ పని దొరకెను. ఉత్సవములు ముగిసినవి, వచ్చినవారు తిరిగి పోయిరి. 2011 ఏప్రిలు 24వ తేదీన బాబా నిర్యాణము చెందిన పిదప ఆ పట్టణపు వర్తకులు చూచిన పలుచని వీథులను మా పాఠకులలో అనేకులు స్వయముగ నెఱుంగుదురు. 1981లో విశ్వవిద్యాలయము, 1990లో విమానాశ్రయము, 1991లో మహావైద్యశాల పొందిన ఊరికిని యిట్టి అనుభవము తప్పలేదు. ఒక్క తూమునుండి వచ్చు నీటితో ఆయకట్టంతయు పండించుకొనువారికి ఆ తూము సన్నగిల్లిన యేట కలుగు చిక్కు అది.

నేడు మేము వ్రాయబూనిన విషయము తీర్థయాత్ర కాదు. పుట్టపర్తి, హిందూపురము, ధర్మవరము, అనంతపురము మొదలగు పట్టణములలో పదిమందితోనో ఇరువదిమందితోనో నడచుచున్న చిన్న కంప్యూటరు సంస్థల సంగతి మేము వ్రాయుచున్నాము. అయినను ఆ ఒక్క తూము సామ్యము వీనికిని వర్తించుచున్నది గనుక అచ్చటనే మొదలుపెట్టితిమి.

ఈ శతాబ్ది తొలి దశకమునందే పుట్టపర్తిలో 'సాయి సేవా' అను నొక సంస్థ వెలసి, హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు వంటి పెద్ద సంస్థల కాగితపు పనిని పల్లెపిల్లలచే కంప్యూటర్లమీద చేయించెను. కర్ణాటకములోనిదైనను తెలుగు మాట వినవచ్చు బాగేపల్లిలో 2008లో 'రూరల్ షోర్స్' వారు తమ మొదటి కేంద్రమును తెఱచిరి. గోదావరి సీమలో బైర్రాజు ఫౌండేషనువారు 'గ్రామ్ ఐటి' పేర అట్టి ప్రయత్నమునే చేసిరి. వీని లెక్క మిక్కిలి సులభమైనది. బెంగుళూరులో నద్దె యెక్కువ, జీతమెక్కువ, పనివారు ఆఱు నెలల కొకసారి కొలువు మార్చుదురు. పల్లెలో నద్దె తక్కువ. స్వగృహమున తిని, స్వగ్రామమున నుండి పనిచేయు పిల్ల ఊరక కొలువు మానదు. బ్యాంకు దరఖాస్తులోని పేరు, చిరునామా, పుట్టినతేదీ చూచి యంత్రములో నెక్కించుట, బీమా కాగితములను సరిచూచుట వంటి పనులకు ఆంగ్లపాండిత్యము కంటె ఓపిక ముఖ్యము. ఆ ఓపిక కఱవుసీమ బిడ్డలకు కొదువలేదు. ఈ ప్రయత్నములను మేము తక్కువచేసి మాటలాడము. పొలము తప్ప మఱొక దారి యెఱుగని యిండ్లలో ఆడపిల్ల నెలజీతము తెచ్చిన మొదటి సందర్భములు అవియే.

కాని లెక్కలో నొక లోపమున్నది. ఆ పనికి వెల యెందువలన వచ్చినది? కాగితమునందలి వ్రాతను యంత్రము స్వయముగ చదువలేదు గనుక. ఆ లోపము తీఱిన దినమున ఆ వెల యుండదు. ఖాతాదారు తన చేతిఫోనులోనే వివరములు నింపుట మొదలైనప్పుడు సగము కాగితము మాయమైనది. 2022 నవంబరులో అమెరికాలోని ఓపెన్ ఏఐ సంస్థ 'చాట్ జీపీటీ'ని లోకమునకు విడిచిన పిదప, మిగిలిన సగమును చదువగల యంత్రములు చౌకగా వచ్చినవి. అవి చదువును, సంగ్రహించును, తర్జుమా చేయును, ప్రోగ్రాములు సైతము వ్రాయును. తప్పులును చేయును, ఆ సంగతి తరువాత చెప్పెదము.

మన అనంతపుర మండలమునకు ఈ కథ కొత్తది కాదు. సాలున కించుమించు 550 మిల్లీమీటర్ల వాన కురియు ఈ మెట్టసీమలో పూర్వము జొన్న, కొఱ్ఱ, రాగి, అలసంద, కంది కలిపి చల్లుచుండిరి. నూనెగింజలకు ధర వచ్చినది. వేరుసెనగ చేతికి రొక్కము తెచ్చినది. చేనుచేనంతయు వేరుసెనగయైనది. ఆ ధర అబద్ధము కాదు, ఆ రైతు బుద్ధిహీనుడును కాడు. కాని వాన తప్పిన యేట ఇంటిలో తినుటకు గింజ లేదు, పశువునకు సొప్ప లేదు, అంగడిలో అమ్ముటకు కాయ లేదు. ఒక్క బ్యాంకు పనిమీద, ఒక్క అమెరికా కంపెనీ పనిమీద బ్రదుకు చిన్న కంప్యూటరు సంస్థయు వేరుసెనగ చేనే. పంట బాగున్నంతకాలము దానిని మించిన లాభము లేదు. అందువలననే యజమాని రెండవ విత్తనమును గూర్చి ఆలోచింపడు.

ఇందుకు మన తెలుగుదేశపు కంప్యూటరు చరిత్రయే సాక్ష్యము. 1967లో హైదరాబాదునందు అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్థాపితమైనది. రెండేండ్లలో, 1969లో, 'టి.డి.సి-12' అను కంప్యూటరును ఇక్కడి ఇంజనీర్లు ఇక్కడనే నిర్మించిరి. విదేశీ యంత్రము అద్దెకు తప్ప దొరకని కాలమున అది సామాన్యమైన కార్యము కాదు. అనంతరము టి.డి.సి-312, టి.డి.సి-316 వచ్చినవి. 1978లో ఐ.బి.ఎమ్. కంపెనీ విదేశమారక చట్టము ననుసరించి తన వాటాను తగ్గించుకొనుట కిష్టపడక దేశము విడిచిపోయినప్పుడు, ఇక స్వదేశీ కంప్యూటరుకు ఎదురులేదని పలువురు తలంచిరి. జరిగినది వేఱు. 1971లో ఇంటెల్ కంపెనీ మైక్రోప్రాసెసరును అంగటికి తెచ్చియుండెను. కంప్యూటరులోని గుండెకాయ ఒక చిన్న చిల్లుగా విలువకు దొరకుచుండగా, దాని చుట్టును పెట్టె కట్టి, కొనువానికి కావలసిన ప్రోగ్రాములు చేర్చి యిచ్చిన హెచ్.సి.ఎల్. వంటి కొత్త కంపెనీలు ముందునకు సాగినవి. సమస్తమును మొదటినుండి స్వయముగ రూపొందింపవలెనను హైదరాబాదు ఇంజనీర్ల దీక్ష మెచ్చదగినదే; అయినను దుర్లభవస్తువు చేయి మారినది. ఒకప్పుడు యంత్రము దుర్లభము. తరువాత యంత్రము సులభమై దానిచే పని చేయించు విద్య దుర్లభమైనది. ఆ కార్పొరేషను మాత్రము నశింపలేదు. అణుశక్తి శాఖకు, రక్షణశాఖకు కావలసిన పరికరములు, మన యోట్లు లెక్కించు యంత్రములు మొదలగు నమ్మకము ప్రధానమైన పనులలో నిలదొక్కుకొన్నది.

విదేశములలోను ఇట్లే జరిగినది. 1981లో అమెరికాలో ఆడమ్ ఆస్బోర్న్ అను నాతడు చేత పట్టుకొని పోదగిన కంప్యూటరును చేసి అమ్మి విశేషమైన పేరు పొందెను. 1983 సెప్టెంబరులో ఆ కంపెనీ దివాలా తీసెను. అంతకంటె మంచి యంత్రము వచ్చుచున్నదని తానే ముందుగా చాటుటచేత పాత సరకు నిలిచిపోయినదని యొక కథ ప్రచారములో నున్నది, ఐ.బి.ఎమ్. యంత్రముతో సరిపడు యంత్రముల పోటీయే అసలు కారణమని మఱికొందఱందురు. రెండును నిజము కావచ్చును. రెంటను తేలునది యొక్కటే. చేతిలో రొక్కము నిలువ లేని చిన్న సంస్థ రెండు చెడు మాసములు దాటలేదు.

ఇక మన యింటికి దగ్గఱి యుదాహరణ మొకటి చెప్పెదము. పత్రికావృత్తిలో నున్నవారమగుటచే దీనిని మేము కన్నులార చూచితిమి. తెలుగు అచ్చుకూటములు సీసపు టక్షరములను విడిచి కంప్యూటరు కూర్పునకు మారినప్పుడు 'అను', 'శ్రీలిపి' మొదలగు పేర్లతో అక్షరరూపములను అమ్మిన సంస్థలకు మంచి దశ పట్టినది. పెండ్లి శుభలేఖ మొదలుకొని దినపత్రిక వఱకు వారి చలువయే. అయితే ప్రతి సంస్థయు అక్షరములకు తనకు తోచిన సంకేతములు పెట్టుకొన్నది. ఒకరి అక్షరములతో కూర్చిన వ్యాసమును మఱొకరి యంత్రములో తెఱచినచో అది తెలుగో, పిశాచభాషయో తెలియకుండెను. కొనినవాడు వేఱొకరియొద్దకు పోజాలడు గదా యని సంస్థలు సంతోషించినవి. ఇంతలో 1991లోనే తొలిరూపము పొందిన 'యూనికోడ్' ప్రమాణమునందు తెలుగునకు స్థానము లభించియున్నది. అది యంత్రములలోనికి వచ్చుటకు పదిపదునైదేండ్లు పట్టినది. పదునైదేండ్ల గడువు! అంత తీఱికగా వచ్చిన వఱదను చూచియు గట్టు వేసికొన్నవారు స్వల్పము. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు 'పోతన', 'వేమన' అక్షరరూపములను ఉచితముగా నిచ్చిరి. 2011లో అంతర్జాల తెలుగు సదస్సు జరిగెను. దాని వెంబడి మఱికొన్ని అందమైన అక్షరరూపములు ఉచితముగా లోకమునకు వచ్చినవి. నేడు చేతిఫోను కొన్న ప్రతివాడును తెలుగు నుచితముగా వ్రాయుచున్నాడు. పాత సంకేతముల అక్షరములు పుటలు కూర్చువారియొద్ద ఇంకను బ్రదికియున్నవి. కాని అవి నిన్నటి వాడుక నిలిపియుంచుటకే గాని రేపటి వ్యాపారమునకు గాదు. కొనినవానిని బంధించుటచే వచ్చిన లాభము కొనినవానికి దారి దొరకినంతనే పోవును.

ఇట్టి దెబ్బను తిని తేఱుకొన్న తెలుగువారి సంస్థయు కలదు. 1998లో పుల్లూరు సోదరులు హైదరాబాదున స్థాపించిన 'ప్రమతి' సంస్థ, జావా ప్రోగ్రాములను నడపు పెద్ద సర్వరు సాఫ్ట్‌వేరును సొంతముగా వ్రాసి, ఐ.బి.ఎమ్. వంటి మహాసంస్థల సరకుతోపాటు ప్రమాణపరీక్షలకు నిలిచెను. ఇతరులకు పనిచేసి కూలి తీసికొనుటయే పరమావధియని హైదరాబాదు తలంచుచున్న దినములలో ఇది సాహసము. కాని 'జేబాస్' వంటి ఉచిత సాఫ్ట్‌వేరు అదే పనిని వెల లేక చేయనారంభించినది. పెద్ద కంపెనీలకు వేఱు రాబడి యుండెను. చిన్నదానికి ఆ సరకే రాబడి. ప్రమతివారు మొండిపట్టు పట్టక, ఆ సరకును వ్రాయుటలో నలవడిన విద్యను సేవలకును, వేఱు చిన్న సరకులకును మళ్ళించిరి. వానిలో 'కాంటెక్స్ట్' అను దానిని 2012లో అమెరికా కంపెనీ ఆటోడెస్క్ కొనెను. సరకు పోయినను విద్య పోలేదు. ఈ భేదమును మన చిన్న సంస్థల యజమానులు గుర్తింప వేడుచున్నాము.

మఱి దీర్ఘకాలము నిలిచినవారు ఎట్లు నిలిచిరి? హిందూపురము మండీలోని గుమాస్తా నడుగుడు. అతని బల్లమీద నున్నది 'టాలీ'. 1986లో బెంగుళూరున గోయెంకా తండ్రీకొడుకులు ఆ సంస్థను మొదలుపెట్టిరి. అందులో అద్భుతమైన శాస్త్ర మేదియు లేదు. భారతదేశపు వర్తకుడు చిట్టా యెట్లు వ్రాయును, అరువు నెట్లు గుర్తుంచుకొనును, సంవత్సరాంతమున ఆడిటరునకు ఏమి చూపవలెను అను సంగతిని వారు ఎఱింగిరి. యంత్రములు మారినవి, తెరలు మారినవి. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చి లెక్కల పద్ధతియే తలక్రిందైనది. అట్టి మార్పు వచ్చినకొలది వర్తకుడు వారిని విడుచుటకు బదులు వారినే ఆశ్రయించెను. ఊరూరను వారి సరకు నమర్చి నేర్పి బాగుచేయు చిన్న దుకాణములు వెలసినవి. చెన్నపట్టణమున 1996లో పుట్టి తెన్‌కాశి పల్లెలకు పోయి, మన రేణిగుంటలోను కార్యాలయము తెఱచిన 'జోహో' మఱొక తార్కాణము. పరుల పెట్టుబడికి చేయి చాపనందున వారికి తొందఱ లేకపోయినది. తొందఱపడి లెక్కలలో లేని రొక్కమును చూపిన 'సత్యం' గతి యేమైనదో తెలుగువారికి చెప్పవలసిన పనిలేదు. 1987లో చిన్నగా మొదలై యేబదివేల మందికి అన్నము పెట్టిన సంస్థ, 2009 జనవరి 7వ తేదీన అధిపతి వ్రాసికొన్న యొక్క ఉత్తరముతో కూలినది. దాని నీడన నున్న 'గ్రామ్ ఐటి' వంటి మంచి యత్నములకును అదరుపాటు తప్పలేదు.

ఇప్పుడు కృత్రిమ మేధ. దీనిని చూచి బెదరువారును, దీనితో సమస్తము సాధ్యమని పందిరి వేయువారును మనలో నిండియున్నారు. విశాఖపట్టణమున 1,500 కోట్ల డాలర్లతో మహాకేంద్రమును నిర్మింతుమని గూగుల్ కంపెనీ 2025 అక్టోబరులో ప్రకటించినది. పుట్టపర్తిలోని పదిమంది సంస్థ అట్టిదానిని కట్టలేదు, కట్టనక్కరలేదు కూడ. రైతు ఆనకట్ట కట్టడు. తన చేనికి పిల్లకాలువ త్రవ్వుకొనును. అద్దెకు దొరకు మహాయంత్రమును తెచ్చి ఇక్కడి పనికి కట్టుటయే చిన్నవాని వృత్తి. అయితే అద్దె పెంచువాడు ఎదుటివాడు. ఒక్క కంపెనీ యంత్రమునకే తన ప్రోగ్రాములన్నింటిని ముడిపెట్టినవాడు పాత అక్షరరూపములు కొనిన ముద్రాపకుని వంటివాడగును. ఈ యంత్రము కాకున్న ఆ యంత్రమునకు మార్చుకొనునట్లు మొదటినుండియు అమర్చుకొనవలెను. తన ఖాతాదారుల వివరములు, తాను కూడబెట్టిన మాటలు, లెక్కలు తనవద్దనే యుంచుకొనవలెను. అట్లుంచుకొనుట యిప్పుడు చట్టరీత్యా బరువైన బాధ్యతయు నైనది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. ఆసుపత్రి రోగుల చిట్టానో, సొసైటీ సభ్యుల అప్పుల చిట్టానో ఎవరిచేతికి ఇయ్యవలెనని యోచించు పెద్దమనిషి, ముఖ మెఱిగిన వానికే యిచ్చును. దూరమందున్న మహాసంస్థకు లేని మూలధనము ఇది.

ఇక్కడి పని యనగా నేమి? ధర్మవరము పోయి చూడుడు. పట్టుచీర అంచునను కొంగునను పువ్వు పుట్టించునది జకార్డు మగ్గమునకు వ్రేలాడు తూట్లు పొడిచిన అట్టల దండ. 1804 ప్రాంతమున ఫ్రాన్సులోని లియాన్ నగరమున జకార్డు అను నాతడు ఆ అట్టలతో మగ్గమును నడిపెను. 1890 అమెరికా జనాభా లెక్కలలో హోలెరిత్ తూట్లు పొడిచిన అట్టలతోనే మనుష్యులను లెక్కించెను. అతని కంపెనీయే ఇతర కంపెనీలతో కలిసి కాలక్రమమున ఐ.బి.ఎమ్. ఐనది. కంప్యూటరునకు పెద్దతాత యగు నా అట్ట నేటికిని ధర్మవరము నేతవాని తలమీద తిరుగుచున్నది! చీర నమూనాను గళ్ళకాగితముమీద చేతితో వేయుచుండిన పనిని ఇప్పుడు కంప్యూటరుపై గీయుచున్నారు. నమూనా గీయుట, అట్టలు పొడుచుట చిన్న చిన్న దుకాణముల పని. కంప్యూటరు సంస్థయని ఆ దుకాణములను పిలుచుటకు మనకు నోరు రాదు గాని, అవియే అసలైన కంప్యూటరు సంస్థలు. నేతవాని మగ్గమునకు ఎన్ని కొక్కెములో, ఏ అంచు ఈ సీజనున చెల్లునో, ఏ నమూనాను సూరతు మరమగ్గములు కాజేయునో వారికి తెలియును. బొమ్మ గీయు యంత్రమును లోకము చౌక చేసినను ఆ తెలివి చౌక కాలేదు.

అట్లే వేరుసెనగ మండీలోని తూకము, బోరుబావిలో నీరున్నదో లేదో చెప్పు కొలత, రైతు సంఘముల విత్తనపు లెక్క, పల్లె ఆసుపత్రికి వచ్చు ముసలమ్మ చెప్పుకొను బాధ మొదలగునవి కలవు. ఆ ముసలమ్మ మాటలాడునది అనంతపురపు తెలుగు. విజయవాడ వార్తలు చదువు కంఠమును విని నేర్చిన యంత్రమునకు అది అర్థము గాదు. అర్థమైనట్లు నటించి తప్పు వ్రాయును. మేము పైన చెప్పిన యంత్రపు తప్పులలో నిది ప్రమాదకరమైనది, ఏలనన తప్పని తెలిసికొనుటకు ఇక్కడివాడే కావలెను. కేంద్రప్రభుత్వము 2022లో 'భాషిణి' పేర భారతీయభాషల యంత్రసాధనములను సమకూర్చ మొదలుపెట్టినది. దానిపై మన సీమ పలుకుబడిని చేర్చు పని ఇంకను మిక్కిలి యున్నది. ఆ పని ఒక యేటితో తీఱదు. ఒక యేటితో తీఱని పనియే చిన్న సంస్థకు కంచె.

దీనికి బదులుగా కొందఱు మిత్రు లొక వాదము చేయుచున్నారు. బెంగుళూరు నూటయేబది కిలోమీటర్ల దూరముననే యుండగా ఇక్కడ కూర్చుండి చిల్లరపనులు చేయనేల? పోయి పెద్దకొలువు చేయరాదా? సంస్థ పెట్టినను నాలుగేండ్లలో పెద్దవారికి అమ్మి రొక్కము చేసికొనరాదా? అమ్ముకొనుటలో తప్పు లేదు, ప్రమతివారును అమ్మిరి. కొలువునకు పోవుటలోను తప్పు లేదు. కాని ఆ దారియు మునుపటివలె విశాలముగా లేదు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంపు కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించెను. రెండెకరములు అమ్మి కొడుకును చదివించిన తండ్రి ఆ వార్తను ఏ ముఖముతో చదివియుండునో మేము ఊహింపగలము. భూవసతి గల మా పాఠకులను సూటిగా నడుగుచున్నాము: బెంగుళూరు రోడ్డు ప్రక్కన గడ్డి మొలవని స్థలములకు బయానా లిచ్చుచు, ఊరిలోని యువకుడు రెండు గదులలో పెట్టిన సంస్థలో పదిమాసముల జీతములకు సరిపడు వాటా తీసికొనుటకు మీరు వెనుదీయుట యెందులకు? స్థలము పాఱిపోదని మీరందురు. నిజమే, కాని లేపాక్షి విజ్ఞాన కేంద్రము పేర చిలమత్తూరు, గోరంట్ల ప్రాంతములందు సేకరించిన 8,844 ఎకరములును పాఱిపోలేదు. పరిశ్రమ మాత్రము రాలేదు. ఆ భూముల వ్యవహారము నేరవిచారణల పాలైనది.

మేము పెద్ద పరిశ్రమకు విరోధులము కాము. పెనుకొండవద్ద కియా కార్ల కర్మాగారమునకు 2017లో ఒప్పందము జరిగి 2019లో కార్లు బయటికి వచ్చినవి. దానిచే ఈ సీమకు కలిగిన మేలు కన్నులకు కనబడుచున్నది. ఆ కర్మాగారపు చుట్టునున్న చిన్న పరికరముల శాలలకు లెక్కలు, కొలతలు, లోపముల పరీక్ష మొదలగు కంప్యూటరు పని పుష్కలముగ నున్నది. అది బెంగుళూరునకు పోవుచున్నదా, హిందూపురమున నిలుచుచున్నదా యని విచారించువారు లేరు.

చిన్న సంస్థను చంపునది తఱచుగా సాంకేతిక విప్లవము కాదు, రాని బిల్లు. మేమెఱిగిన యొక యువకుడు ఒక కార్యాలయమునకు లెక్కల ప్రోగ్రాము వ్రాసి యిచ్చెను. పని బాగున్నదని మెచ్చిరి, వాడుచుండిరి. సొమ్ము మాత్రము పదునాలుగు మాసములకు వచ్చెను. ఆ నడుమ అతనివద్ద పనిచేయుచున్న ఆఱుగురిలో నలుగురు వెడలిపోయిరి. వారితో విద్యయు పోయినది. ఇందుకు చట్టము లేక కాదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ననుసరించి సరకో సేవయో పుచ్చుకొన్నవాడు 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెను. లేనిచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకురేటునకు మూడింతల వడ్డీ, అదియు చక్రవడ్డీ, పడును. 2024 ఏప్రిలు నుండి, గడువు దాటి చెల్లించిన సొమ్మును ఆ యేటి ఖర్చుగా ఆదాయపు పన్ను లెక్కలో చూపుటకును వీలులేదు. 2018 నుండి కేంద్ర శాఖలును ప్రభుత్వసంస్థలును తమ కొనుగోళ్ళలో నూటికి 25 పాళ్ళు చిన్నవారియొద్ద కొనవలెనను నియమమున్నది. ఇన్ని యుండియు, పెద్దమనిషిపై ఫిర్యాదు చేసినచో రేపు పని దొరకదని చిన్నవాడు నోరు మూసికొనుచున్నాడు.

కనుక యజమానులు తమకై తాము చేసికొనవలసిన దొకటి కలదు. మంచియేట వచ్చిన లాభముతో కొత్త కార్లు కొనక, అద్దములమేడ అద్దెకు తీసికొనక, కనీస మారు మాసముల జీతములు బ్యాంకులో నిలువ పెట్టుట. ఒక్క కొనుగోలుదారు రాబడిలో మూడవవంతు మించినచో దానిని శుభవార్తగా గాక హెచ్చరికగా నెంచి, మఱొకనిని వెదకుట. పనివారి దినములలో వారమున కొకటి, ఎవరును అడుగని కొత్తవిద్య నేర్చుటకు విడుచుట. ఈ మాట వినగానే యజమానులు నవ్వుదురు, కాని ప్రమతివారికి రెండవసారి అన్నము పెట్టినది అట్టి విద్యయే.

ప్రభుత్వము చేయవలసినది ఇంతకంటె తేలిక. 2022 ఏప్రిలు 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడి పుట్టపర్తి జిల్లాకేంద్రమైనది. జిల్లా కార్యాలయములకు కంప్యూటరు పని కావలసియున్నది. రతన్ టాటా పేర 2025 ఆగస్టులో నెలకొల్పిన నవకల్పన కేంద్రమునకు అనంతపురమునను శాఖ నిచ్చిరి, సంతోషము. ఆ శాఖలో ఉపన్యాసములు జరుగును, ఛాయాచిత్రములు తీయుదురు. దానితోపాటు జిల్లా కలెక్టరుగారు ఒక్క పట్టికను ప్రతి మాసము మొదటి తేదీన గోడకు తగిలింప నాజ్ఞాపింపవలెనని కోరుచున్నాము: ఈ జిల్లాలోని చిన్న కంప్యూటరు సంస్థలకు ఏ కార్యాలయము ఎంత పని యిచ్చినది, బిల్లు ఏ తేదీన అందినది, సొమ్ము ఏ తేదీన చెల్లించినది. 45 దినములు దాటిన బిల్లులను ఎఱ్ఱసిరాతో వ్రాయింపవచ్చును. ఆ పట్టిక తయారుచేయు పనిని కూడ ఇక్కడి సంస్థకే యిచ్చి, దాని బిల్లునే మొదట చెల్లించినచో మేము ఆ వార్తను సంతోషముతో ప్రకటింతుము.